సరిసగం

మార్చి 11, సోమవారం

డార్లీన్ దగ్గరికి వెళ్ళొచ్చాను. కోటు కూడా విప్పకుండా రాస్తున్నాను.

డార్లీన్ వేసవిలో చేపలు పట్టేవాళ్ళకి వానపాములు అమ్ముతుంది. చలికాలంలో అదే కొట్టు వెనక గదిలో కూర్చుని ఊరందరి పన్ను రిటర్నులు రాసిపెడుతుంది. కంప్యూటరు నా వైపు తిప్పి ఒక అంకె మీద గోరు పెట్టింది. ఏడు వేల అయిదు వందల చిల్లర.

"నాకొస్తుందా?" అన్నాను.

"రాదు తల్లీ. నువ్వు కట్టాలి."

నిరుడు మా ఇద్దరి ఆరోగ్య బీమాకి ప్రభుత్వం ఇచ్చిన రాయితీలో నా సగమట అది. అందులో ఒక్క డాలరు నా చేతికి రాలేదు. నెలనెలా నేరుగా బీమా కంపెనీకి వెళ్ళింది. తిన్నది వాళ్ళు, కక్కవలసింది నేను.

"మీ ఇద్దరి సంపాదన ఇంత ఉంటుందని ముందు ఏడాది నువ్వే రాసిచ్చావు. ఆ లెక్కన వాళ్ళు ఇచ్చారు. నువ్వేమో ముసలితనానికి దాచుకున్న డబ్బంతా నవంబరులో ఒక్కసారిగా బయటికి తీశావు. అది కూడా సంపాదన కిందికే వస్తుంది. గీత దాటావు. గీత దాటినవాళ్ళు తీసుకున్నదంతా తిరిగిచ్చేయాలి, తగ్గింపు లేదు."

"అది సంపాదన కాదు డార్లీన్. విడిపోయేటప్పుడు అది రేనోకి ఇచ్చేశాను. ఇంట్లో అతని సగానికి."

"ఎవరికిచ్చావో వాళ్ళకనవసరం. తీసిందెవరు? నువ్వు."

లాయరు చెప్పాడు. ఆ ఖాతాని ఖాతాగానే అతని పేరు మీదికి మార్చేయమ్మా, పన్ను గొడవ నీకుండదు, కాగితాలకి కాస్త ఆలస్యమవుతుంది అన్నాడు. నాకు ఆగబుద్ధి కాలేదు. డబ్బు తీసి, పన్ను పట్టుకోగా మిగిలినదానితో బ్యాంకు చెక్కు రాయించి, ముప్పై వేలు రేనో చేతిలో పెట్టి వచ్చాను. ఇక మన మధ్య ఏమీ లేదు అని చెప్పి మరీ వచ్చాను. తెలివితేటలంటే అవీ.

డార్లీన్ ఒక దారి చెప్పింది. ఏడాదంతా బీమా ఇద్దరి పేరునా ఉంది, విడాకులు డిసెంబరులో అయ్యాయి, కాబట్టి ఆ ఏడాది రాయితీని ఇద్దరం పంచుకోవాలి. ఎంతెంత అన్నది మా ఇష్టం. నూటికి పది అనుకోవచ్చు, నూటికి నూరూ ఒకరి మీదే వేసుకోవచ్చు. కుదరకపోతే చెరిసగం, నాకు చూపించిన అంకె ఆ సగమే.

"అంతా రేనో మీద వెయ్యండి. అతని జీతం తక్కువ. తక్కువ జీతం వాళ్ళు తిరిగి కట్టేదానికి ఒక హద్దుంది, మహా అయితే కొన్ని వందలు. అదీ పడకపోవచ్చు. నీకు సున్నా. కానీ ఇద్దరూ ఒకే మాట మీద ఉండాలి, ఇద్దరి రిటర్నుల్లో ఒకే లెక్క ఉండాలి. ఏప్రిల్ పదిహేను లోపల. పోయి అడుగు."

పోయి అడుగు. ఎంత సులువుగా అంది.

మార్చి 12

మంచు. ఫోను చేయలేదు.

మార్చి 13

మంచు తగ్గింది. ఇద్దరికి జుట్టు కత్తిరించాను, ఒకరికి రంగు వేశాను. తీరిక దొరకలేదు, లేకపోతే చేసేదాన్నే.

మార్చి 15

వాయిదాల మీద కట్టొచ్చట. డార్లీన్ చెప్పింది. వడ్డీతో కలిపి చూస్తే నాకు అరవై ఏడో అరవై ఎనిమిదో వచ్చేదాకా సాగుతుంది. ముందు గదిలో రెండు కుర్చీలు వేసుకుని జుట్టు కత్తిరించే మనిషికి వాయిదా అంటే ఏమిటో వాళ్ళకేం తెలుసు. లేదంటే ఇంటి మీద బ్యాంకులో అప్పు తీసుకోవాలి.

ఈ ఇల్లు ఎవరి పేరూ, ఏ బ్యాంకు పేరూ లేకుండా నా ఒక్కదానిదిగా ఉండాలనే కదా ఉన్నదంతా ఊడ్చి ఇచ్చాను. మూడు నెలలు కూడా కాలేదు. పొద్దున లేచి కాఫీ కప్పు పట్టుకుని గదిగదికీ తిరుగుతుంటే ఎంత బాగుండేదో. ఇప్పుడు తిరుగుతుంటే గదిగదికీ ధర కడుతున్నాను.

మార్చి 16, శనివారం

ఐలీ జుట్టు చుట్టించుకోవడానికి వచ్చింది. రేనో అక్క. విడాకులైనా ఈవిడ నన్ను వదల్లేదు, నేను తీసుకునేది తక్కువ కదా.

"మా తమ్ముణ్ణి చూశావా ఈ మధ్య?" అంది.

"నేనెందుకు చూస్తాను?"

"సన్నబడ్డాడే. ప్యాంటు తాడేసి కట్టుకున్నాడు. పెళ్ళినాటి నడుము వచ్చింది వాడికి."

నేను పిన్నులు పెడుతున్నాను.

"బీరు కూడా మానేసినట్టున్నాడు. నీళ్ళు తాగుతున్నాడు, చెంబులకి చెంబులు. మగాడు ఈ వయసులో ఒళ్ళు తగ్గించాడంటే ఎవరో ఉన్నట్టే. నువ్వేమంటావు?"

"వేడిగా ఉంటే చెప్పు, తల కాలుతుంది" అన్నాను.

ఉంటే ఉండనీ. నాకేం. సన్నబడితే మంచిదే, చక్కెర జబ్బు మనిషికి డాక్టరు ఎన్నాళ్ళ నుంచో చెబుతున్నాడు. నేను వంట చేసినన్నాళ్ళూ తగ్గనివాడు ఇప్పుడు తగ్గాడు, అదీ బాధ.

మార్చి 19

నిద్ర పట్టక పాత సంగతులు. విడిపోయేటప్పుడు అన్నీ సరిసగం చేశాను. కట్టెల పేర్పుకి మధ్యలో గుంజ పాతి ఇటు నాది అటు నీది అన్నాను. జాడీల్లో పెట్టిన లేడి మాంసం కూడా లెక్కపెట్టాను. అన్నిటికీ సరే సరే అంటూ తలాడించాడు. ఒక్క సౌనా దగ్గర మాత్రం ఆగిపోయాడు. పెరట్లో ఆవిరి స్నానానికి, పెళ్ళయిన ఏడాది తన చేత్తో కట్టిన చెక్క గది.

"దీన్నెలా కోస్తావు ఎల్నా?" అన్నాడు.

"ఇంటి ధరలో కలిపాను, నీ సగం నీకొస్తుంది" అన్నాను.

నేను అన్యాయం చేయలేదు. ఒక్క సెంటు అన్యాయం చేయలేదు.

మార్చి 22, శుక్రవారం

చేశాను. ఫోను చేశాను.

అంతా విడమరిచి చెప్పాను. విన్నాడు. అప్పుడన్నాడు:

"సగం అన్నావు కదా."

"అది వేరు, ఇది వేరు రేనో. ఇది పన్ను కాగితంలో..."

"అన్నిట్లో సగమే అన్నావు. గుంజ నువ్వే పాతావు. నేను అటూ ఇటూ జరిపానా?"

"నీకు నష్టం లేదు. డార్లీన్ని అడుగు కావాలంటే."

"నష్టం గురించి కాదు. నూటికి నూరూ నాది అని ఇప్పుడు రాయమంటావు. ఆ ఏడాది ఆ ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నానా? అసలు నేనున్నట్టు నాకెక్కడ అనిపించనిచ్చావు. సగమంటే సగం. నీ మాటే."

పెట్టేశాడు. నా మాట నాకే అప్పచెప్పాడు. తను తవ్విన గోతిలో తనే పడ్డట్టు ఉంది నా పని.

మార్చి 23

సగం. సగం. సగం.

మార్చి 25

డార్లీన్ ఫోను. "ఒప్పుకున్నాడా?" "ఒప్పుకుంటాడు" అన్నాను.

మార్చి 27

ఒప్పుకోడు. అతని సంగతి నాకు తెలుసు. ఎద్దులా ఒక చోట నిలబడ్డాడంటే నిలబడ్డట్టే.

బ్యాంకుకి వెళ్ళి ఇంటి మీద అప్పు సంగతి అడిగొచ్చాను. ఆ అబ్బాయి నవ్వుతూనే అన్నీ చెప్పాడు. నవ్వుతూనే ఇంటి కప్పు ఎన్నేళ్ళదని అడిగాడు. ఇంటికొచ్చి పెరట్లో నిలబడి కప్పు వంకే చూశాను.

మార్చి 30, శనివారం

ఒక ఆలోచన వచ్చింది. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాస్తాను.

డిసెంబరు నుంచి రేనోకి సౌనా లేదు. వాళ్ళ అన్నదమ్ముల వేట స్థలంలో పాత ట్రెయిలరు ఇంట్లో ఉంటున్నాడు, అక్కడ నీళ్ళు రావడమే గొప్ప. శనివారం సౌనా లేకపోతే ఆదివారం ఆదివారంలా ఉండదనే మనిషి. సౌనా వేడి చేసి పిలిస్తే వస్తాడు. ఒళ్ళు కాగి బయటికొచ్చాక మగాళ్ళెవరూ కాదనలేరు. మా అమ్మ మా నాన్న దగ్గర ఏది కావాలన్నా అప్పుడే అడిగేది.

మోసం కాదు. సౌనా అతను కట్టిందే. ఒకసారి పిలిస్తే తప్పేముంది.

ఏప్రిల్ 2

ఐలీతో కబురు పంపాను. వస్తానన్నాడట. "ఏమిటే, మళ్ళీ మొదలా?" అని ఐలీ కన్ను కొట్టింది. దాని మొహం.

ఏప్రిల్ 6, శనివారం

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నమే పొయ్యి రాజేశాను. యాలకుల రొట్టె చేశాను. తువ్వాలు చంకలో పెట్టుకుని వచ్చాడు, పాత కోటులో. ఆ కోటు ఇద్దరికి సరిపోయేలా వేలాడుతోంది. బుగ్గలు లోపలికి పోయాయి. ఎవరో ఉన్న మగాడి మొహం కాదు అది. చూశాను, చూసి కూడా నా మనసు అంకె దగ్గరే ఉంది. ముందు స్నానం కానీ, తర్వాత అడుగుదాం అనుకున్నాను.

"ముందు నువ్వు వెళ్ళు" అన్నాను. ఇప్పుడు కలిసి వెళ్ళే మనుషులం కాదు కదా.

గ్లాసులో నీళ్ళు పోసుకుని గడగడా తాగాడు. మళ్ళీ పోసుకుని తాగాడు. "నీ బావి నీళ్ళు బాగుంటాయి" అని లోపలికి వెళ్ళాడు.

వంటగది కిటికీ దగ్గర నిలబడి ఏమేం చెప్పాలో వల్లె వేసుకుంటున్నాను. కాగిన రాళ్ళ మీద నీళ్ళు పోసిన చప్పుడు రెండు మూడు సార్లు వినిపించింది. తర్వాత వినిపించలేదు. రొట్టె కోశాను. కాఫీ పోశాను. కాఫీ చల్లారిపోతోంది. అప్పుడు భయం వేసింది.

బట్టలు మార్చుకునే గదిలో నేల మీద ఉన్నాడు, తలుపుకి ఆనుకుని. తలుపు తోస్తే అతనే అడ్డం. మొహం బూడిద రంగులో ఉంది. పక్కటెముకలు ఒకటొకటీ కనిపిస్తున్నాయి. నోటి నుంచి కుళ్ళిన ఆపిల్ వాసన. ఆ వాసన నాకు తెలుసు, జబ్బు మొదట బయటపడ్డ ఏడాది ఇలాగే ఉండేది.

"సూది వేసుకున్నావా రేనో?"

"పొద్దున కొంచెం."

"కొంచెమేమిటి?"

"మందు ట్రెయిలరులో ఉంది" అన్నాడు.

ఆసుపత్రికి పోదామన్నాను. వద్దన్నాడు. అంబులెన్సుని పిలుస్తానంటే చెయ్యి పట్టుకున్నాడు, ఆ పట్టులో బలం లేదు. దుప్పటి చుట్టి నా బండిలో వేసుకుని ట్రెయిలరుకి తీసుకెళ్ళాను. అతని చక్కెర మీటరులో అంకె నాలుగు వందలకి దగ్గరగా ఉంది. మందు కోసం ఫ్రిజ్ తలుపు తీయబోయాను.

ఆ తలుపు మీదే ఉంది నా చెక్కు. చేప బొమ్మ అయస్కాంతం కింద. ముప్పై వేల డాలర్లు. నేను చేతిలో పెట్టినప్పటి మడత కూడా పోలేదు. బ్యాంకు చెక్కు కనుక నా ఖాతాలోంచి డబ్బు ఆ రోజే పోయింది, మార్చుకున్నాడో లేదో నాకు తెలిసే దారి లేదు. లోపల ఒకే ఒక మందు సీసా, అడుగున కాస్త.

సూది వేశాను. నీళ్ళు తాగించాను. కాస్త తెరిపిన పడ్డాక అడిగాను.

"మందు ఎందుకు తగ్గించావు?"

"బీమా లేదు. బీమా లేకుండా సీసా ఎంతో తెలుసా నీకు?"

"లేకపోవడమేమిటి? నా దాంట్లోంచి నీ పేరు తీసేస్తున్నాను, గడువులోపల సొంతంగా తీసుకోమని డిసెంబరులో ఫోనులో మాట వదిలాను కదా."

"వదిలావు. నీ గొంతు వినాలనిపించలేదు. తుడిపేశాను."

కోపం రావాల్సింది. రాలేదు. ముప్పై ఏళ్ళు ప్రతి నవంబరులోనూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇద్దరి కాగితాలూ నేనే నింపాను. ఆ పని ఎక్కడ చేస్తారో కూడా అతనికి తెలియదు. అతని పేరు తీసేసేటప్పుడు, ఖాయమేనా అని కంప్యూటరు అడిగింది. ఖాయమే అని నొక్కాను.

"ఉచిత బీమాకేమో నా జీతం ఎక్కువట. సెప్టెంబరుకి అరవై అయిదు వస్తాయి, ముసలాళ్ళ బీమా దానంతటదే వస్తుంది. అందాకా రెండు పూటలది ఒక పూట వేసుకుని లాగితే చాలనుకున్నాను."

"సెప్టెంబరా? ఈ వారం దాటేవాడివా నువ్వు? ఎదురుగా ముప్పై వేలు పెట్టుకుని."

"అది మందులకి కాదు."

"మరి దేనికి?"

గోడ వైపు తిరిగాడు. "దాన్ని మారిస్తే ఆ ఇంట్లో నాకింకేం లేనట్టే కదా."

"డిసెంబరులోనే లేదు రేనో. జడ్జి చెప్పాడు."

"జడ్జికి తెలుసులే. నాకు తెలియాలి కదా."

కుర్చీలో కూర్చుని ఏడ్చాను. అతను నా ఏడుపు చూడకుండా గోడనే చూస్తూ అన్నాడు, "ఆ నూరూ రాసుకో. ఎందుకు పిలిచావో నాకు తెలియదనుకున్నావా. రాసుకో, సంతకం పెడతాను."

నెల రోజులుగా ఆ ఒక్క మాట కోసం తిండి నిద్రా మానేశాను. వచ్చింది. నా ఇల్లు నాకు దక్కింది. ఆ ఎముకల గూడు పక్కన కూర్చుని దాన్ని తీసుకోలేకపోయాను.

"వద్దు. నువ్వు చెక్కు బ్యాంకులో వేసి మందు కొనుక్కునేదాకా సగమే."

"ఏడు వేలు పోతాయి నీకు."

"పోనీ."

"ఇల్లు తాకట్టు పెడతావు."

"పెడతాను. సగమంటే సగం. నేనెలాంటిదాన్నో నీకు తెలుసు."

తెలుసు. అందుకే ఇటు తిరిగాడు. "నీ అంత మొండిదాన్ని ఈ సరస్సు ఒడ్డున ఎక్కడా చూడలేదు" అన్నాడు.

అంకె తగ్గేదాకా అక్కడే కూర్చున్నాను.

ఏప్రిల్ 7

మళ్ళీ వెళ్ళాను. మిగిలిన మందు రేపటికి సరిపోతుంది. మాంసం కూరిన పేస్టీలు తీసుకెళ్ళాను, సగం ముక్క తిన్నాడు.

ఏప్రిల్ 8, సోమవారం

తొమ్మిదింటికి బ్యాంకు తలుపు తీయగానే వెళ్ళాం. మనసు మార్చుకుంటాడేమోనని నేనే బండి నడిపాను. దారంతా చెక్కు చొక్కా జేబులో పెట్టుకుని పైన చెయ్యి వేసుకున్నాడు.

కౌంటరులో అమ్మాయి "ఖాతాలో వేయమంటారా?" అంది. రేనో చెక్కుని కిటికీ కిందినుంచి తోశాడు కానీ వేళ్ళు తీయలేదు. ఆ అమ్మాయి ఒక కొస పట్టుకుంది, ఇతను ఒక కొస. వెనక వరుసలో ఎవరో దగ్గారు. నేను ఏదో ఒకటి అనాలి. అనలేదు. వదిలేయి అనడానికి నాకు నోరు రాలేదు, అతన్ని అక్కడిదాకా తెచ్చింది నేనే అయినా.

తనే వదిలాడు. ముద్ర పడింది.

"అంతేనా?" అన్నాడు.

"అంతేనండి. ఇంకేమైనా కావాలా?"

మందుల కొట్టు నుంచి సంచీతో వచ్చి బండెక్కి, అక్కడే చొక్కా ఎత్తి సూది వేసుకున్నాడు. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. ట్రెయిలరు దగ్గర దిగేటప్పుడు "జాగ్రత్తగా వెళ్ళు నీ ఇంటికి" అన్నాడు. ఇప్పటిదాకా 'నీ' అనేది లేకుండా ఉత్తి ఇల్లు అనేవాడు. విడాకులైన రోజు ఏడవలేదు నేను. ఈ రోజు దారి పక్కన బండి ఆపుకోవలసి వచ్చింది.

ఏప్రిల్ 11

డార్లీన్ రెండు రిటర్నులూ పూర్తి చేసింది. అతను పొద్దున వచ్చి సంతకం చేసి వెళ్ళాడట. నేను మధ్యాహ్నం వెళ్ళాను.

"రేనో నూరు, నువ్వు సున్నా. జనవరి నుంచి డిసెంబరు దాకా" అని చదివింది. "చూశావా, ఏడు వేలూ ఎగిరిపోయాయి. నవ్వవేమే?"

నవ్వాను. ఆ ఏడాది మొత్తానికి నా వాటా సున్నా. సంతకం చేశాను.

ఏప్రిల్ 13, శనివారం

ఇల్లు నాది. అప్పు లేదు, ఎవరి పేరూ లేదు. సౌనా వేడి చేయలేదు. ఒక్క మనిషి కోసం అన్ని కట్టెలెందుకు.

ఏప్రిల్ 15, సోమవారం

పొద్దున ఏడింటికి ఫోను మోగింది.

"మీటరులో నూట నలభై" అన్నాడు రేనో. పెట్టేశాడు.

నేనేమీ అడగలేదు. చెప్పమని కూడా అనలేదు. రేపు మళ్ళీ ఫోను చేస్తాడో చేయడో. చేయకపోతే నాకేం, నేను చేయను.

ఏడున్నర దాకా చూసి చేస్తాను.